కత్తెర తీసేసిన పదిహేను

"చెరిపెయ్యడం కూడా ఒక పనేనా?"

ఈ ప్రశ్న వేసినాయన దుకాణాల్లో బిల్లులు కొట్టే చిన్న ప్రింటర్లు తయారుచేసే ఒక కంపెనీకి డైరెక్టరు. వేయించుకున్నావిడ ఆ కంపెనీలో పద్దెనిమిదేళ్ళు ప్రోగ్రాములు రాసింది. ఖర్చులు తగ్గించుకోవాలని వాళ్ళే పొమ్మంటే పోయింది, రెండేళ్ళ తర్వాత వాళ్ళే రమ్మంటే కాంట్రాక్టు మీద మళ్ళీ అదే గదికి వచ్చింది. వయసు యాభై ఒకటి. ఆఫీసులో అందరూ ఆవిడని కత్తెర అనేవాళ్ళు. ఆ పేరు మర్యాదకి పెట్టింది కాదు కానీ ఆవిడ పట్టించుకోలేదు.

"పనే సార్. తోటమాలిని అడగండి" అంది కత్తెర.

డైరెక్టరు నవ్వలేదు. తన జోకులకు తప్ప నవ్వే అలవాటు ఆయనకు లేదు.

సంగతి అర్థం కావాలంటే డ్రైవరంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. కంప్యూటరు మాట ప్రింటరుకు తెలియదు, ప్రింటరు మాట కంప్యూటరుకు తెలియదు. మధ్యలో దుబాసీ పని చేసే ప్రోగ్రామే డ్రైవరు. కంపెనీ దగ్గర నలభై ఒక్క రకాల ప్రింటర్లున్నాయి కాబట్టి డ్రైవర్లూ నలభై ఒకటి. అన్నిటి మీదా పెత్తనం చేసే పెద్ద ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని ఇంజను అనేవాళ్ళు. డ్రైవరు రాసేవాడు కొన్ని ఫంక్షన్లు, అంటే ఒక్కో పని చేసిపెట్టే చిన్న చిన్న ముక్కలు, ముందే రాసి ఇంజను చేతిలో పెట్టాలి. సమయం వచ్చినప్పుడు ఇంజనే వాటిని పిలుస్తుంది. వాటికి కాల్‌బ్యాక్‌లని పేరు. ఫోన్ నంబరు రాసిచ్చి, "మీరు చెయ్యకండి, మేమే చేస్తాం" అనిపించుకుని వచ్చిన ఉద్యోగార్థి పరిస్థితే డ్రైవరుది కూడా.

మొదట్లో ఆ కాల్‌బ్యాక్‌లు నాలుగే ఉండేవి. ప్రింటరును తెరువు, సరుకు పంపు, ఎలా ఉన్నావో చెప్పు, మూసెయ్యి. పాతికేళ్ళలో అవి పందొమ్మిదయ్యాయి. ఎలాగంటే, ఆ కంపెనీలో ఒక ఆచారం ఉండేది. ఎక్కడ ఏ తప్పు జరిగినా ఒక కమిటీ కూర్చునేది. కూర్చున్న కమిటీ ఉత్త చేతులతో లేస్తే బాగుండదు కాబట్టి ఆ తప్పు పేరు మీద ఒక కాల్‌బ్యాక్ వేసి లేచేది. ఒకసారి ఎక్కడో కాగితం ఇరుక్కుంది. వెంటనే "కాగితం కదలబోతోంది" అని డ్రైవరుకు కబురు పెట్టే కాల్‌బ్యాక్ పుట్టింది. దానికి తోడుగా మరుసటి నెల "కాగితం కదిలింది" పుట్టింది. ఒక ఖాతాదారుడు ఫోన్లో అరిచాడని ఒకటి, డైరెక్టరు బావమరిది సలహా ఇచ్చాడని ఇంకొకటి పుట్టాయి. అరిచిన ఖాతాదారుడు తొమ్మిదేళ్ళ కిందట దుకాణం మూసేసుకున్నాడు. బావమరిదితో డైరెక్టరుకు మాటల్లేవు. కాల్‌బ్యాక్‌లు మాత్రం చిరంజీవులు.

నలభై ఒక్క డ్రైవర్లలోనూ పందొమ్మిదింటినీ నింపే బాధ్యత ఒకాయనది. ఆయన్ని సున్నా అనేవాళ్ళు. రిటైరు కావడానికి ఇంకా మూడేళ్ళుంది. చేయవలసిందేమీ లేని కాల్‌బ్యాక్‌లో "సున్నా వెనక్కి ఇవ్వు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, ఇంజను సంతోషపడి ముందుకు పోతుంది. ఆయన జీవితమంతా ఆ వాక్యమే రాశాడు. బల్ల మీద పెన్నులు మూడు, కళ్ళజోళ్ళు రెండు, నడుముకు బెల్టు. నడుం నొప్పి కూడా సున్నాలు రాయడం వల్లే వచ్చిందనేవాడు.

ఇలాంటి సంసారం ఏదో ఒకరోజు బజారున పడక తప్పదు. డెబ్భై శాఖలున్న ఒక మందుల దుకాణంలో ప్రింటర్లు బిగుసుకుపోవడం మొదలైంది. ఒకరికి బిల్లు రెండుసార్లు వచ్చేది, తర్వాతివాళ్ళకు అసలు వచ్చేది కాదు. కారణం చూస్తే, ఆపబోతున్నానని ఇంజను డ్రైవరుకు కబురు పెట్టి జవాబు కోసం ఆగేది. ఆ కబురు అందుకున్న డ్రైవరు, కాగితం ఎంత మిగిలిందో చెప్పమని ఇంజనును అడిగి అదీ ఆగేది. గుమ్మంలో నిలబడి మీరు ముందంటే మీరు ముందనుకునే మర్యాదస్తుల్లాగా ఇద్దరూ అక్కడే ఉండిపోయేవాళ్ళు. వెనక మందుల కోసం జనం. దుకాణం వాళ్ళు మూడు నెలలు గడువిచ్చారు. కమిటీ కూర్చుంది, అలవాటు కొద్దీ ఇరవయ్యో కాల్‌బ్యాక్ ప్రతిపాదించింది. దాన్ని పెట్టి చూస్తే ప్రింటర్లు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి, పెట్టినదాన్ని పీకేశారు. అప్పుడు కత్తెరకు ఫోను వెళ్ళింది.

పొమ్మన్ననాటి ఉత్తరంలో "మీరు ఎప్పటికీ మా కుటుంబంలో ఒకరు" అని రాశారు. ఏ కుటుంబమూ ఖర్చు తగ్గించుకోవడానికి అక్కను బయట పెట్టదు, పెట్టినా ఉత్తరం మీద ముద్ర వేయదు. కత్తెర ఆ ఉత్తరాన్ని దాచుకోనూ లేదు, చింపనూ లేదు. ఫోను రాగానే రేటెంతని అడిగింది.

ఆవిడ పని చేసే తీరు చూడటానికి విచిత్రంగా ఉండేది. ప్రోగ్రామును తెర మీద చదవదు. కంపెనీ ప్రింటర్లోనే, రెండున్నర అంగుళాల బిల్లు కాగితం మీద అచ్చు వేసుకుంటుంది. ఆ చుట్ట బల్ల మీంచి నేల మీదికి, నేల మీంచి తలుపు దాకా పాకేది. ఎర్ర పెన్సిలు పట్టుకుని దాని పొడుగునా నడుస్తూ చదివేది. వాడని కాల్‌బ్యాక్ కనబడితే కొట్టేసేది. పది రోజులకు లెక్క తేలింది. నలభై ఒక్క డ్రైవర్లు, ఒక్కోదానికి పందొమ్మిది, వెరసి ఏడు వందల డెబ్భై తొమ్మిది. వాటిలో అయిదు వందల అరవై ఒకటి ఉత్త సున్నాలు.

మొదటి సమావేశంలోనే ఆ చుట్టను బల్ల మీద పరిచింది.

"అసలైన నాలుగూ ఉంటాయి సార్. మిగతా పదిహేనూ పోతాయి."

"ఏమ్మా, అవి సరదాకి పెట్టామనుకుంటున్నావా? రేపు అవసరమైతే?" అన్నాడు డైరెక్టరు.

"రేపు రాద్దాం."

"కాగితం కదలబోతోంది అన్నది నేనే రాశాను, తెలుసా? అప్పుడు నీకు ఉద్యోగం కూడా లేదు."

"తెలుసు సార్. పైన మీ పేరుంది. దాన్ని నలభై ఒక్క డ్రైవర్లలో ఒకే ఒక్కటి వాడుతోంది. అది కూడా తప్పుగా వాడుతోంది."

అప్పుడే ఆయన ఆ ప్రశ్న వేశాడు. చెరిపెయ్యడం కూడా ఒక పనేనా అని. కొందరు ఫ్లెక్సిబిలిటీ అన్నారు, కొందరు పెద్దలు చేసినదాన్ని గౌరవించాలన్నారు. ఈ ఫ్లెక్సిబిలిటీ అన్న మాట చాలా మంచిది. ఏం చేయాలో తేల్చుకోలేనివాడు దాన్ని కప్పుకుంటే తేల్చుకోకపోవడమే ప్రతిభలా కనిపిస్తుంది. చివరికి మందుల దుకాణం గడువు గుర్తొచ్చి అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమంటే, ఎవరూ సంతకం పెట్టకుండా ఆవిడ చేత పెట్టించారు.

సంతకం పెట్టించినాయన కొనుగోళ్ళ విభాగం అధికారి. ఏది అడిగినా మూడు కాపీలు కావాలంటాడు కాబట్టి ఆయన పేరు మూడు కాపీలు. ప్రోగ్రాము కొనాలన్నా, చీపురు కొనాలన్నా ఆయన దగ్గర ఉన్నది ఒకటే ఫారం. సరుకు పేరు, ఎన్ని, ఒక్కోటి ఎంత. కత్తెర పెన్ను పట్టుకుని ఆలోచించింది. ఏడు వందల డెబ్భై తొమ్మిదింటినీ తాను విప్పి చూడాలి కాబట్టి ఎన్ని అన్నచోట 779 వేసింది, ఒక్కోటి అన్నచోట పన్నెండు వందలు వేసింది. తొమ్మిది లక్షల ముప్పై నాలుగు వేల ఎనిమిది వందలైంది. న్యాయమైన మొత్తమే. మూడో వంతు, అంటే మూడు లక్షల పదకొండు వేల ఆరు వందలు, ముందే ఇచ్చారు. సరుకు పేరు అన్నచోట "అప్పగించవలసిన ఫంక్షన్లు" అని ఆయన ముందే నింపి ఉంచాడు. ఇరవై ఏళ్ళుగా ఇతరుల ప్రోగ్రాముల్లో కామా తప్పు పోతే పట్టుకున్న మనిషి తన సంతకం కింద ఉన్న ఫారం చదవలేదు.

పని ఏడు నెలలు పట్టింది. సున్నాలు తీసేయడానికి నాలుగు రోజులు చాలాయి. ఉంచిన నాలుగూ పోగా నిజంగా ఏదో చేస్తున్న కాల్‌బ్యాక్‌లు యాభై నాలుగు మిగిలాయి. ఏడు నెలలూ తిన్నవి అవే. ఒక్కోదాన్ని పట్టుకుని, ఇది ఇంజను చేయవలసిన పనా, డ్రైవరు చేయవలసిన పనా అని అడగాలి. అందరికీ ఒకేలా ఉన్న పనిని ఇంజనులోకి తీసుకుంది. ఒకరిద్దరికే కావలసిన పనిని చిన్న చిన్న పనిముట్లుగా చేసి పక్కన పెట్టింది. కావలసిన డ్రైవరు తానే వచ్చి తీసుకుంటుంది, అక్కర్లేనిదాన్ని ఎవరూ నిద్ర లేపరు. కొత్త డ్రైవరు రాయడానికి ఇదివరకు ఆరు వారాలు పట్టేది, ఇప్పుడు నాలుగు రోజులు పడుతోంది. మందుల దుకాణంలో ఒక్క ప్రింటరూ మళ్ళీ బిగుసుకోలేదు. దుకాణం వాళ్ళు గడువు పొడిగించింది చాలక ఇంకో రెండు వందల ప్రింటర్లకు ఆర్డరు పెట్టారు.

కత్తెర బిల్లు పట్టుకుని మూడు కాపీల దగ్గరికి వెళ్ళింది. సున్నా అప్పటికే అక్కడ ఏదో సంతకం కోసం కూర్చుని ఉన్నాడు.

"మేడం, మీరు అప్పగించినవి ఎన్ని?" అన్నాడు మూడు కాపీలు.

"నలభై ఒక్క డ్రైవర్లు."

"అది కాదు మేడం, ఫంక్షన్లు. నాలుగు చొప్పున నూట అరవై నాలుగు. కంప్యూటరే లెక్కపెట్టింది. పన్నెండు వందల చొప్పున లక్షా తొంభై ఆరు వేల ఎనిమిది వందలు. మేం ముందిచ్చింది మూడు లక్షల పదకొండు వేల ఆరు వందలు. మీరే మాకు ఇవ్వాలి, లక్షా పద్నాలుగు వేల ఎనిమిది వందలు."

కత్తెర కాసేపు ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమోనని. ఆయనకు అంత తెలివి లేదు.

"తగ్గించమనే కదండీ నన్ను పిలిచింది?"

"నేను కాదనట్లేదు మేడం. కానీ తగ్గించినవి అనే కాలమ్ లేదు కదా ఫారంలో. ఇంకో మాట. మిగతా ఆరు వందల పదిహేనూ కంపెనీ డబ్బు పెట్టి రాయించుకున్నవి. అవి ఎక్కడికి పోయాయని ఆడిటరు అడుగుతున్నాడు."

"ఎక్కడికీ పోలేదు. లేవు."

"అదే రాసివ్వండి. మూడు కాపీలు."

సున్నా మధ్యలో కల్పించుకున్నాడు. "చెల్లెమ్మా, కోపం తెచ్చుకోకు. దీనికి మందుంది. ఆ పదిహేనూ మళ్ళీ పెట్టేద్దాం. ఖాళీగానే. ఇంజను వాటిని పిలవకపోతే సరి. లెక్క ఏడు వందల డెబ్భై తొమ్మిదికి వచ్చేస్తుంది, నీ డబ్బు నీకొస్తుంది. నేనే రాసిస్తా, ఒక్క పూట పని. నా చేతికి అలవాటేగా!"

"అలా చేస్తే నాకేం అభ్యంతరం లేదు. ఫారం ఫారంలా ఉంటుంది" అన్నాడు మూడు కాపీలు.

ఆ మాట అన్న మనిషి మీద కోపగించుకోవడం కూడా దండగే. కత్తెర ఆలోచించి చెబుతానంది.

ఆవిడకి రావలసిన మిగతా డబ్బు ఆరు లక్షల ఇరవై మూడు వేల రెండు వందలు. అందులో నాలుగున్నర లక్షలు అప్పుడే ఒక కొలిమి కోసం అనుకున్నారు. ఆవిడ భర్త పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. ఇంటి ముందు గదే ఆయన పనిచోటు. బల్ల మీద వరసగా ఎవరెవరివో దవడల అచ్చులు, సన్న బ్రష్షులు, పింగాణీ పొడి డబ్బాలు. పళ్ళు కాల్చే కొలిమి పాతదై వేడి నిలవక మూడింట ఒక పన్ను పగులుతోంది. డెంటిస్టులు ఇద్దరు అప్పుడే ఇంకో చోటు చూసుకున్నారు. కొత్త కొలిమి రాకపోతే మిగతా ముగ్గురూ పోతారు.

సంగతి విని ఆయన చేతిలోని పన్నును దీపం దగ్గర పెట్టి చూస్తూనే అన్నాడు.

"అయితే మంగలివాడు తలమీద మిగిలిన జుట్టు లెక్కన డబ్బు తీసుకుంటానని రాసిచ్చాడన్నమాట."

"మీరు కూడా మొదలుపెట్టకండి."

"మొదలుపెట్టడం కాదోయ్, ముగిస్తున్నాను. ఆ పదిహేనూ పెట్టెయ్. ఖాళీవే కదా. ఎవరి సొమ్ము పోయింది?"

"ఖాళీ కుర్చీ వేస్తే ఎవడో ఒకడు వచ్చి కూర్చుంటాడండీ. ఏడాది తిరిగేసరికి మళ్ళీ పందొమ్మిదీ నిండుతాయి. మళ్ళీ అదే బిగుసుకుపోవడం."

"కూర్చుంటే అప్పుడు వాళ్ళే నిన్ను మళ్ళీ పిలుస్తారు. ఇంకో తొమ్మిది లక్షలు."

"ముప్పై రెండు పళ్ళున్న నోట్లో ముప్పై మూడోది పెట్టమంటే పెడతారా మీరు?"

"డబ్బిస్తే పెడతాను. కొలిమి ఉంటే పగలకుండా పెడతాను."

ఆవిడ నవ్వింది కానీ ఆయన నవ్వలేదు. నిజానికి అప్పటికి ఆవిడ మనసు సగం ఒప్పుకుంది. మూడేసి పళ్ళకు ఒకటి పగులుతున్న ఇంట్లో కూర్చుని ఖాళీ ఫంక్షన్ల పవిత్రత గురించి మాట్లాడటం ఎవరికైనా సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి సున్నా ఆవిడ కోసం ఎదురుచూడకుండా పని కానిచ్చేశాడు. మంచితనమే. ముందురోజు మధ్యాహ్నమే ఒక నకలు తీసి, నలభై ఒక్క డ్రైవర్లలోనూ పదిహేనేసి సున్నాలు పెట్టి, ఆవిడ ఊ అంటే అసలు దాంట్లో కలిపేద్దామని అందరికీ ఒక మెయిలు పంపాడు. ఆఫీసులో మర్యాద అంటే అందరికీ పంపడమే.

"చూడు చెల్లెమ్మా, ఒక్కటి కూడా తప్పు పోలేదు. నువ్వు ఊ అను, చాలు."

కత్తెర అలవాటు ప్రకారం బిల్లు కాగితం మీద అచ్చు వేసుకుంది. చుట్ట మళ్ళీ తలుపు దాకా పోయింది. పెన్సిలు పట్టుకుని నడిచింది. సున్నా, సున్నా, సున్నా. పన్నెండో డ్రైవరు దగ్గర ఆగింది. "కాగితం కదలబోతోంది" అన్నది ఖాళీగా లేదు. అందులో నాలుగు వాక్యాలున్నాయి.

"అన్నయ్యా, ఇదేంటి?"

"అదా? మెయిలు చూసి డైరెక్టరు గారు సాయంత్రం ఫోను చేశారు. అది తిరిగొచ్చిందా, భేష్, అయితే కాగితం ఎంత మిగిలిందో ఇంజనును అడిగి అక్కడ రాసి పెట్టమన్నారు. ఒక్క డ్రైవర్లోనేలే. చిన్నదేగా అని..."

"ఇంజను వాటిని పిలవదన్నావు కదా?"

"పిలవకపోతే రాసింది పనిచెయ్యదు కదా చెల్లెమ్మా. అందుకని ఇంజనులో ఒక్క లైను..."

ఆవిడ ఇంజను చుట్ట కూడా వేసుకుని చూసింది. కాగితం ఎంత మిగిలిందని డ్రైవరు ఇంజనును అడుగుతోంది. ఇంజను డ్రైవరు జవాబు కోసం ఆగుతోంది. మందుల దుకాణం గుమ్మంలో నిలబడ్డ ఆ మర్యాదస్తులు మళ్ళీ వచ్చి నిలబడ్డారు. ఆవిడ ఏడాది పడుతుందనుకున్నది ఒక్క పూటలో అయిపోయింది. ఖాళీ కుర్చీ కనబడిన తర్వాత ఇంటి యజమానే ఆగలేకపోయాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని ఆ నకలు మొత్తం చెరిపేసింది. తర్వాత మూడు కాపీల గదికి వెళ్ళి, పదిహేను ఫంక్షన్లూ లేవని, ఉండవని, కంపెనీ తనకు ఇవ్వవలసింది ఇంత అని రాసిచ్చింది. మూడు కాపీలు.

దీన్ని త్యాగమనీ వృత్తిధర్మమనీ ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. ఆవిడకి ఒళ్ళు మండింది. ఏడు నెలలు పడిన కష్టం ఏడు గంటలు నిలవకపోతే మండదా? ఇంటికెళ్ళి అదే చెప్పింది. భర్త రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నీ ఒళ్ళు మండితే మండింది, ఆ మంటేదో నా కొలిమిలో మండినా బాగుండేది" అన్నాడు. పాత కొలిమికి వేడి తీగ మార్పించి నడుపుతున్నాడు. ఇప్పుడు అయిదింట ఒకటి పగులుతోంది. ఇంకో డెంటిస్టు పోయాడు.

డైరెక్టరు ఆ ఏడాది చివర డీలర్ల సమావేశంలో నలభై నిమిషాలు మాట్లాడాడు. సరళత తమ కంపెనీ రక్తంలోనే ఉందన్నాడు. నాలుగు వేళ్ళు పైకెత్తి చూపిస్తూ, "నాలుగే! ప్రపంచంలో ఎవరైనా మా ప్రింటరుకు డ్రైవరు రాయాలంటే నాలుగే ఫంక్షన్లు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. సున్నా కూడా కొట్టాడు. ఆయనకిప్పుడు చేతినిండా పని లేదు కాబట్టి కొత్త మోడళ్ళకు పేర్లు పెట్టే కమిటీలో వేశారు.

మందుల దుకాణం వాళ్ళు రెండు వందల ప్రింటర్ల డబ్బూ గడువులోగా కట్టేశారు. కత్తెర ప్రతి నెలా ఒకటో తేదీన కంపెనీకి ఒక ఉత్తరం రాస్తుంది. కంపెనీ నుంచి కూడా ప్రతి నెలా ఒక ఉత్తరం వస్తుంది, లక్షా పద్నాలుగు వేల ఎనిమిది వందలు కట్టమని. ఇప్పటికి ఇరవై రెండు నెలలైంది. ఆవిడకి రావలసిన ఆరు లక్షల ఇరవై మూడు వేల రెండు వందలు ఇంకా రాలేదు.